ఎర్ర పట్టీ కర్ర

14 జూన్ 1999
ఇటుక పని ఆగింది. ఏటి లంకలో పెద్దిరాజు గారి మట్టి గుంత దగ్గర వానాకాలం నీళ్ళు చూసుకోడానికి ఒక్క మనిషికే డ్యూటీ. పదకొండేళ్ళుగా ఆ మనిషిని నేనే. ఈ ఏడు ఇద్దరం. రెండోవాడు సత్యప్రసాద్, మస్కట్‌లో రాతి క్వారీలో ఆరేళ్ళు చేసి వచ్చాడు. సెప్టెంబరు నుంచి ఒకరినే ఉంచుతానన్నారు పెద్దిరాజు గారు. అంటూనే వాడికి కుర్చీ వేయించారు. నాకు ఇటుకల దొంతర ఉందిగా.

17 జూన్
నా సిస్టమ్ సింపుల్. వాన పడితే గుంత గట్టుకి గండి కొట్టడం. బురదనీళ్ళు బోదె కాలువలోకి, అందులోంచి మా పేట మంచినీళ్ళ చెరువులోకి. ఆడవాళ్ళు బిందెలెత్తి తిడతారు. నేనొక జోకు వేస్తాను. నవ్వుతారు. వారానికి చెరువే తేరుకుంటుంది.

వాడు నా గండి పూడ్చేశాడు. బోదె మొదట్లో పెద్ద గొయ్యి తవ్వించాడు. గుంత నీళ్ళు అందులో నిలవాలట, మట్టి అడుక్కి దిగాలట, పైన తేట మాత్రం కొబ్బరి పీచు డొక్కల దడిలోంచి వడకట్టుకుని చెరువుకి పోవాలట. గొయ్యి మధ్యలో వెదురు కర్ర పాతి ఎర్ర రంగు పట్టీ పూశాడు. వాన వెలిసి నీళ్ళు దిగాక, అడుగు బురద ఆ పట్టీని అందుకుంటే గొయ్యి తీయించాలట. దీనికి మస్కట్ వెళ్ళాలా?

26 జూన్
వాడి టోపీలో కప్పను పెట్టాను. మెల్లిగా గట్టు మీద దింపి, ఇది ఉంటే మనకి దోమలుండవు బాబాయ్ గారూ అన్నాడు. కప్ప వేస్ట్.

9 జూలై
మూడు రోజులు ముసురు. చెరువు నీళ్ళ అడుగున నాలుగో మెట్టు కనిపిస్తోంది. వానాకాలంలో ఆ మెట్టు ఉందని నాకే తెలీదు. మా ఆవిడ రాజ్యం పప్పు వడ్డిస్తూ, ఈ నీళ్ళకి ఎంత తొందరగా ఉడికిందో చూశారా, అంతా సత్యప్రసాద్ చలవే అంది. పదకొండేళ్ళు నా చలవతో వండుకుంది, ఒక్కనాడూ అనలేదు. ముద్ద దిగలేదు. తిన్నాననుకోండి, అది వేరు.

ఇంకో సంగతి. ఈ ఏడు నన్నెవరూ తిట్టలేదు. వీరాయమ్మ నోరు పేటంతటికీ పెద్దది. ఇవాళ బిందెతో నా ఎదురుగానే వెళ్ళింది. గట్టు మీద రాయిని దాటినట్టు దాటింది.

18 జూలై
పెద్దిరాజు గారు కపిలేశ్వరపురం నుంచి ఇంకో గుంత ఓనరుని తీసుకొచ్చి గొయ్యి చూపించారు. ఇది మా సత్యప్రసాద్ ఐడియా అండీ అన్నారు. నన్ను కొబ్బరి బొండాలు కొట్టమన్నారు. కొట్టాను. మొదటి బొండం వాడికే ఇప్పించారు.

19 జూలై, పొద్దున్న అయిదు
కర్రని మూరెడు పైకి లాగాను. చాలా నవ్వొచ్చింది.

2 ఆగస్టు
వాడు గట్టు మీంచి కర్ర చూసి, పట్టీకింకా చాలా కిందే ఉంది బాబాయ్ గారూ, ఇప్పుడే తీయించక్కర్లేదు అన్నాడు. ఆయ్ అన్నాను.

21 ఆగస్టు
రాత్రంతా కుండపోత. గొయ్యి అంచుదాకా బురదే ఉంది కాబట్టి వచ్చిన నీళ్ళకి నిలిచే చోటు లేదు. దడి కొట్టుకుపోయింది. చెరువు చెరువంతా పేడనీళ్ళ రంగు. రేపు వీరాయమ్మ మనవరాలి పెళ్ళి, మూడొందల మందికి వంట. కాలువ నీళ్ళు డ్రమ్ముల్లో బండ్ల మీద తోలుకొస్తున్నారు.

పేటంతా వాడి మీద పడింది. నా మీద పడితే జోకు వేసేవాడిని. వాడికి జోకులు రావు. చూసుకోవాల్సింది నేనేనండి, తప్పు నాదేనండి అని వాన నీళ్ళలో నిలబడ్డాడు. పెద్దిరాజు గారు రేపట్నుంచి రావద్దన్నారు. నేను గొడుగు కింద ఉన్నాను.

24 ఆగస్టు
సత్యప్రసాద్ ఇంటికొచ్చాడు. రాజ్యం కాఫీ ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి పెట్టాడు. గుమ్మంలో అన్నాడు:

"కర్ర మీద పాత మట్టి మరక మూరెడు పైకుంది బాబాయ్ గారూ. ఎవరో లాగేరు. మళ్ళీ సరిగ్గా దిగ్గొట్టించండి, లేకపోతే మీరూ మోసపోతారు."

అలాగేలే అన్నాను. ఎవరు లాగారని అడగలేదు. లాగనివాడైతే ముందు అదే అడుగుతాడు. వాడు నా మొహం కాసేపు చూసి చెప్పులేసుకున్నాడు.

26 ఆగస్టు
కుర్చీ నాకు వేయించారు. టెన్షన్‌గా ఉంది. ఇటుకల మీదే కూర్చున్నాను.

30 ఆగస్టు
గొయ్యి తీయించాను. కర్రని వాడి లెవెల్‌కే దించాను. వీరాయమ్మ చూసి, నీకూ ఈ పని వచ్చేసిందే శ్రీరాములూ అంది. ఇన్నాళ్ళూ ఇలాంటి మాట కోసమేగా. తిట్టి ఉంటే బాగుండేది.

11 సెప్టెంబరు
ఎర్ర పట్టీ బురదలో మునిగింది. పెద్దిరాజు గారింటికి బయలుదేరుతున్నాను. చెప్పాల్సినవి రెండున్నాయి, గొయ్యి సంగతొకటి, కర్ర సంగతొకటి. ముందు ఏదన్నది దారిలో చూసుకుంటాను.