యంత్రం ఆపేసిన మ్యాట్నీ

యాదగిరన్నా,

నువ్వు పోయి నేటికి రెండేళ్ళు. దేవరకొండలో నువ్వు ఆపరేటర్‌గా పనిచేసిన టాకీసులో ఈ రోజు మ్యాట్నీ చూశాను. మనుషులు నిజమనుకుంటున్న లోకమంతా యంత్రాలు చూపే బొమ్మేనని తెలిసి, హీరో వాటిమీద తిరగబడే డబ్బింగ్ సినిమా. అతను తుపాకీ ఎత్తగానే తెర నల్లబడింది. నీ స్థానంలో తెచ్చిన డిజిటల్ మెషిన్ పాస్‌వర్డ్ అడిగింది. కంపెనీవాళ్ళు ఫోనెత్తలేదు. ఓనరు దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"యాదగిరన్నను పిలువుండ్రి, చేత్తోనన్న ఆడిస్తడు!" అని నువ్వు లేవని తెలియని ఎవరో అరిచారు.

నిన్ను తీసేసిన రోజు, తాగి రీళ్ళు కాల్చావని ఈ ఓనరే ఊరంతా చెప్పాడు. మా పత్రికకు ప్రకటనలిచ్చేవాడని నేను నీ తరఫున ఒక్క అక్షరం రాయలేదు.

ఇవాళ గేటు దగ్గర నా చెయ్యి పట్టుకున్నాడు. "జర పేపర్ల రాయకు తమ్మీ, ఇజ్జత్ పోతది."

"యాదగిరన్నకు లేకుండెనా సేటూ, ఇజ్జత్?"

వార్త పంపాను. ఆగిన ఆట, ఆయన పేరు, నీ మీద వేసిన నింద, ఒక్క రీలూ కాలలేదని, వాటిని వెనక్కి తీసుకున్న డిస్ట్రిబ్యూటరు చెప్పిన మాట, అన్నీ ఉన్నాయి. రేపు పొద్దున ఆయన ఇంటికి పేపరు నేనే పట్టుకెళ్తాను. చివరిదాకా చదివేవరకు ఎదురుగా కూర్చుంటాను.