సగం పాసుకి డబ్బాడు పౌడర్

జులై 3
కంప్యూటర్ టెక్నీషియన్ పరీక్షలో ఫస్ట్ పేపర్ పాస్! అక్రాలో రాసి, మా ఊరు హోలో బస్సు దిగానో లేదో, నాకు పని నేర్పిన రిపేర్ షాపు మేడం, జిగ్బోది, వచ్చి డబ్బాడు పౌడర్ నా నెత్తిన, మెడ మీద గుమ్మరించింది. ఇక్కడ పని నేర్చుకున్నవాళ్లకి పౌడర్ చల్లారంటే శిక్షణ అయిపోయినట్టే. వీధంతా చప్పట్లు. ఇంకో పేపర్ ఉందని చెప్పాలి. చెప్పలేదు. పళ్లికిలించి నిలబడ్డాను.

జులై 4
మేడం అప్పుడే ఆసుపత్రి కంప్యూటర్ రూమ్ పెద్ద క్పోడో గారికి ఫోన్ చేసి, మా ఎన్యోనాం టెక్నీషియన్ పరీక్ష కొట్టేసింది, ఇక మీదే ఆలస్యం అందట. అక్టోబర్ ఒకటిన సర్టిఫికెట్ పట్టుకుని చేరమన్నాడట. నాలుగేళ్లుగా ఆ ఉద్యోగం కోసమే ఎదురుచూస్తున్నాను. ఇప్పుడెలా నోరు తెరవను?

జులై 20
మెయిల్ వచ్చింది. పాత వెర్షన్ పరీక్ష సెప్టెంబర్ 25తో ఆఖరు. రెండు పేపర్లూ ఒకే వెర్షన్‌లో పాసవ్వాలి. ఆలోగా రెండోది గట్టెక్కకపోతే మొదటిదీ పోయినట్టే. కొత్త వెర్షన్ అయితే మళ్లీ మొదటి నుంచి రెండూ రాయాలి.

అక్రా నుంచి ఎలికెమ్ అన్నయ్య ఫోన్లో తిట్టాడు. ఒసేయ్ పిచ్చి మొహమా, ఏ వెర్షనో ఎవడు చూడొచ్చాడే, పాతది కానిచ్చెయ్ అన్నాడు.

నిజమే. మరి కొత్త సిలబస్ మాటిమాటికీ ఎందుకు తెరుస్తున్నాను?

ఆగస్టు 9, మధ్యాహ్నం
కొత్త సిలబస్ మొత్తం చదివేశాను. పాతదాంట్లో ఉన్నవన్నీ నా చేతులకు తెలుసు. మా షాపుకొచ్చేవన్నీ ఎక్కడో వాడి పడేస్తే ఓడలో వచ్చిన మెషిన్లే కదా. కొత్తదాంట్లో సగం పేర్లు వినడమే మొదటిసారి. అడిగితే జవాబు చెప్పే ప్రోగ్రాముల్ని ఎంతవరకు నమ్మాలి అని కూడా ఉంది! అది ఎవరిని అడగాలట? సగం అర్థం కాలేదు. వదలబుద్ధీ కాలేదు. తిందామని పెట్టుకున్న అక్పలే ముద్ద చల్లారిపోయింది.

ఆగస్టు 31
పాత రెండో పేపర్ మోడల్ టెస్ట్ రాశాను. పాస్. సెప్టెంబర్ 24కి సీటు బుక్ చేశాను. అంతే, ఇక ఆలోచించను.

సెప్టెంబర్ 11
చేరేముందు ఓసారి వచ్చి చూసుకోమంటే ఆసుపత్రికి వెళ్లాను. వరుసగా కొత్త మెషిన్లు. ఒకటి మొరాయిస్తోందట. ఏదీ తల్లీ, నీ చెయ్యి పడనీ అన్నాడు క్పోడో గారు. దాని మూత ఎక్కడ తెరుచుకుంటుందో కూడా కనిపించలేదు. పది నిమిషాలు తడిమాను. రోగుల వివరాలన్నీ దాంట్లోనే ఉన్నాయని డాక్టరమ్మ పక్కనే నిలబడింది. రేపు చూస్తానండీ అని వచ్చేశాను.

సిగ్గుతో చచ్చాను. అయినా ఆ డబ్బాలో ఏముందో చూడాలని ఒకటే చేతుల దురద. పాత పేపర్ పాసై అక్కడ కూర్చుంటే? పని రాకుండానే ఇంకో డబ్బా పౌడర్ పోయించుకున్నట్టు.

సెప్టెంబర్ 12
మేడంకి అంతా చెప్పేశాను. పని ఆపింది. స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టింది. తర్వాత, పౌడర్ నెత్తిన పోశాను గానీ నోట్లో పోశానా, చెప్పడానికేం రోగం అని అరిచింది. ఏడ్చాను. ముందు ముక్కు తుడుచుకో, ఇంతకీ నీకేది రాయాలనుందే అంది.

ఇన్నాళ్లూ ఆ మాట నన్నెవరూ అడగలేదు. నన్ను నేను కూడా అడగలేదు. కొత్తది అన్నాను.

సెప్టెంబర్ 15
24నాటి పరీక్ష సీటు రద్దు చేసుకున్నాను. క్పోడో గారికి నేనే వెళ్లి చెప్పాను. కొత్తది రాసేదాకా ఆగండి అని బతిమాలాను. నేనాగుతాను, ఆసుపత్రి ఆగదమ్మా అన్నాడు, కోపంగా కాదు. వేరే మనిషిని చూసుకుంటాడు. దారంతా ఏడుస్తూ నడిచాను. తప్పు చేశానేమో. చేశాననే అనిపిస్తోంది.

సెప్టెంబర్ 25
పాతది మూసేశారు. నేను పాసైన పేపర్ కూడా ఇక లెక్కలోకి రాదు.

అక్టోబర్ 1
ఉద్యోగంలో చేరాల్సిన రోజు. షాపుకెళ్లేసరికి, ఇరవై ఏళ్లుగా రిపేర్లు చేస్తూ ఒక్క పరీక్షా రాయని మేడం కళ్లజోడు పెట్టుకుని కొత్త సిలబస్ ముందు కూర్చుంది. డిసెంబర్‌కి రెండు సీట్లు బుక్ చేసిందట. రెండోది ఎవరికని అడిగాను. పక్కనున్న కుర్చీ నా వైపు లాగింది. మొదటి లైన్ మీద వేలు పెట్టి, ఇదేంటే అంది.

నాకు తెలియదు. ఆవిడకీ తెలియదు. బల్ల మీదున్న మెషిన్ తెరిచాం.