తొమ్మిదింటి గోలి

జూన్ 9, సోమవారం
రక్తంలో వైరస్ లెక్క, వైరల్ లోడ్, పెరిగింది. మందులిచ్చే సెంటర్‌లో కౌన్సెలర్ మేరీ మేడం కాగితం నా వైపు తిప్పి చూపించారు. "మూడు నెలలు చూద్దామమ్మా. తగ్గకపోతే మందు మార్చాలి." రోజూ ఏసుకుంటున్న మేడం అన్నాను. పచ్చి అబద్ధం. మిగిలిన టాబ్లెట్లు పొద్దున్నే హాస్టల్ బాత్రూంలో పారబోసి ఖాళీ సీసాతో వెళ్లాను మరి.

పుట్టుకతో వచ్చిన హెచ్‌ఐవి. ఐదో ఏట నుంచి మందులు. ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ కాలేదు. భయంగా ఉంది.

జూన్ 10
కనీసం ఇక్కడైనా నిజం రాయాలి.

నవంబర్‌లో మా కాల్ సెంటర్‌లో నన్ను బ్యాంకు పనిలోకి మార్చారు. మధ్యాహ్నం రెండు నుంచి పదకొండు. బ్యాగు, ఫోన్ లాకర్‌లో. పని చేసే ఫ్లోర్ మీదికి పారదర్శకమైన పౌచ్ ఒక్కటే... అందులో ఏముందో వరుసంతటికీ కనబడుతుంది. నా టాబ్లెట్ టైం తొమ్మిది. రెండు రోజులు లాకర్ దగ్గరికి వెళ్లొచ్చాను. మూడో రోజు టీమ్ లీడ్ కిరణ్ — "ఏంటమ్మా, లాకర్‌లో ఎవర్ని దాచావ్?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత వెళ్లలేదు. సెలవు రోజుల్లో మాత్రం వేసుకున్నాను.

రూముకొచ్చాక వేసుకోవచ్చు కదా? కూడదు. తొమ్మిది దాటితే ఆ రోజు పోయినట్టే. అమ్మమ్మ నన్ను పెంచింది ఆ మాట మీదే. టీవీలో తొమ్మిదింటి సీరియల్ పాట వినబడగానే చేతిలో నీళ్ల గ్లాసు. "యాల తప్పితే గోలి పని చెయ్యది బిడ్డా."

జూన్ 12
మేరీ మేడం దగ్గరికి మళ్లీ వెళ్లాను. పారబోసింది కూడా చెప్పేశాను.

"మరి రూముకి రాగానే ఎందుకు వేసుకోలేదమ్మా?"
"టైం దాటింది కద మేడం."

ఆమె పెన్ను కింద పెట్టేశారు. తరువాత నెమ్మదిగా — "టైం ముఖ్యమే. కానీ గంట దాటిందని రోజే వదిలేస్తారా? పొద్దున్న లేవగానే వేసుకో. మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకో. రోజు మాత్రం పోనివ్వకు."

ఏడు నెలలు! ఒక్క మాట అడిగి ఉంటే అయిపోయేది. ఆటోలో ఏడ్చాను. అమ్మమ్మ మీద కోపం వచ్చింది. వెంటనే సిగ్గేసింది. నన్ను బతికించింది ఆమెనే.

జూన్ 13
ఉదయం ఎనిమిది. వేసుకున్నాను. రూమ్మేట్ రజిత దుప్పట్లోంచి — "ఏంది పొద్దుగాల్నే?" విటమిన్ అన్నాను. ఈ అబద్ధం ఇంకొన్నాళ్లు ఉండనీ.

జూన్ 14
వేసుకున్నాను.

జూన్ 15
వేసుకున్నాను. కడుపులో కొంచెం తిప్పింది. అయినా సరే.

జూలై 6
అమ్మమ్మ ఫోన్. "తొమ్మిదికి ఏసుకుంటున్నవా?" ఇప్పుడు పొద్దున ఎనిమిదికి అన్నాను. అంతే.

"ఎవలు మార్చిన్రు? పదహారేండ్లు నేను పండుగకు గూడ తప్పనియ్యలే!"

మేడం చెప్పిందంతా చెప్పాను. ఏడు నెలల సంగతి కూడా. ఫోన్ పెట్టేసింది. మధ్యాహ్నం దాకా మనసు మనసులో లేదు.

తరువాత తనే చేసింది. "పొద్దుగాల ఎనిమిదా? సరే. నేను మిస్డ్ కాల్ ఇస్త. నువ్వు ఎత్తకు, గోలి ఏసుకో."

జూలై 7
7.58కే మోగింది. ముసల్దానికి ఆగదు.

జూలై 29
ఇవాళ ఒక్కరోజు పొద్దుటి షిఫ్టు. ఐదున్నరకే క్యాబ్. హడావుడిలో మరిచిపోయాను. ఎనిమిదికి ఫోన్ మోగే ఉంటుంది, లాకర్‌లో. పదింటికి గుర్తొచ్చింది. మునుపైతే ఇవాళ్టికి పోయిందిలే అనుకునేదాన్ని. బ్రేక్‌లో లాకర్ తెరిచాను, బ్యాగులోనే ఉండే సీసా పట్టుకుని పాంట్రీలోకి నడిచాను, అందరి ముందే మింగాను.

కిరణ్ — "ఏంటది?"
"నా టాబ్లెట్. రోజూ వేసుకునేది."
"ఓహ్. ఆ చక్కెర డబ్బా ఇటివ్వు."

అంతే! దీనికా నేను ఏడు నెలలు వణికింది?

ఆగస్టు 17
ఒక్క రోజూ పోలేదు. రజిత అడిగింది, "ఆ విటమిన్ నాకు గూడ చెప్పవే, జుట్టు ఊడుతున్నది." నవ్వాను. దీనికి చెప్పాలి. ఎప్పుడో తెలియదు.

సెప్టెంబర్ 9
రక్తం ఇచ్చాను. మేరీ మేడం సీసాలో మిగిలినవి లెక్కపెట్టారు. సరిగ్గా ఎన్ని ఉండాలో అన్నే ఉన్నాయి. ఈసారి పారబోయలేదని ఆమెకూ తెలుసు. భుజం తట్టారు.

సెప్టెంబర్ 14
తగ్గకపోతే? తగ్గకపోతే వేరే మందు. అదీ వేసుకుంటాను. ఇలా రాస్తున్నా గానీ తగ్గాలి... తగ్గాలి.

సెప్టెంబర్ 18
ఐదున్నర బ్రేక్. లాకర్ తెరిస్తే సెంటర్ నుంచి రెండు మిస్డ్ కాల్స్. తిరిగి చేశాను. ఎవరూ ఎత్తలేదు, మూసేసి ఉంటారు. మంచి కబురైతే రెండుసార్లు చేస్తారా? చెడ్డదైతే రెండుసార్లేనా? తెలియదు. మళ్లీ ఫ్లోర్ మీదికి వెళ్లాలి.

రేపు తొమ్మిదికి తెరుస్తారు. తెరిచేసరికి గేటు ముందుంటాను. ఎనిమిదికి మాత్రం ముందు టాబ్లెట్.