కుడిపక్క వంత

కర్నూలు,
1954 జూలై 12

బావకు నీ నాగసుబ్బ రాసుకునేది.

నేనూ భీమక్కా క్షేమంగా చేరాము. బండి దిగేటప్పుడు తంబురా తీగ తెగితే అక్క అపశకునమంటూ దారంతా గొణిగింది. కథలో ఎడమపక్క వంతగా నిలబడి ఊళ్లన్నీ నవ్వించే మనిషి, బయట తాను మాత్రం నవ్వదు.

రాజధాని అంటే ఏమో అనుకున్నాను. ఆఫీసులు డేరాల్లో ఉన్నాయి. గాలి లేస్తే గుమాస్తాలు కాగితాల మీద పడి పట్టుకుంటున్నారు. కళాకారులకు సర్కారు సహాయం ఇచ్చే అధికారి కూడా ఒక డేరాలోనే ఉన్నాడు. మంచి మనిషే, కూర్చోమన్నాడు. మన కరువు బుర్రకథ కొత్తదనీ, ఏడాదిపాటు ఊరూరా చెప్పడానికి సహాయం కావాలనీ దరఖాస్తు ఇచ్చాను. వచ్చే వారం కథ చూసి నిర్ణయిస్తారట. కరువు దెబ్బకు ఊళ్లు మనల్ని పిలవడం మానేశాయి. ఇది రాకపోతే తంబురా అటకెక్కించి కంకర కొట్టడానికి పోవలసిందే.

ఒక్క మాట. నీ దగ్గు ఇంకా తగ్గలేదు కదా, ఈ దుమ్ములోకి రావద్దు. నీ బదులు గిడ్డయ్య అని ఇక్కడి వీధినాటకాల మనిషి కుడిపక్క నిలబడతాడు. చెప్పింది చెప్పినట్టు అంటాడు. నువ్వు రాజంపేటలోనే ఉండి కషాయం తాగు.

నీ
నాగసుబ్బ

కర్నూలు,
జూలై 16

బావా,

నీకు దగ్గుందన్నది నిజం. దాని కోసం రావద్దన్నానన్నది అబద్ధం.

అధికారి కథంతా కాగితం మీద రాసిమ్మన్నాడు. నా పాటా, అక్క నవ్వులాటా రాసిచ్చాను. నీ మాటలు ఎట్లా రాయను? కుడిపక్క వంత అన్నాక ఏ ఊరి కష్టం ఆ ఊళ్లో, ఆ పూట అడుగుతాడు. నమూనాకు ఒకటి చెప్పమన్నాడు. సర్కారు గంజి కేంద్రం మీద నువ్వు అడిగేది చెప్పాను.

“అక్కా, గంజి ఆడనే తాగల్ల, ఇంటికి ఎత్తుకపోగూడదు అంటాండారే, మరి నడవలేనోళ్లు యాడ తాగల్ల?”

ఆయన కలం కింద పెట్టాడు. ఇట్లాంటి మనిషి కథలో ఉంటే సహాయం కష్టమన్నాడు. ఆ ప్రశ్న కొట్టేసి తానే వేరే మాట రాశాడు. కేంద్రం నుంచి ఎవరన్నా ఆకలితో తిరిగిపోయారా అని వంత అడగాలి, ఒక్కరూ తిరిగిపోలేదని నేను చెప్పాలి. నేను తలూపి, వచ్చి నిన్ను రావద్దని ఆ ఉత్తరం రాశాను.

నీ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియనిదా? అత్త మంచం దగ్గరి నుంచి వచ్చింది. కేంద్రం అంత దగ్గరలో ఉండీ, నడవలేక ఆకలితో పోయిన నీ తల్లి, నా మేనత్త. అయినా నా మనసుకు ఒకటి చెప్పుకున్నాను. వచ్చినవాళ్లు ఎవరూ తిరిగిపోలేదు, అత్త అసలు రానేలేదు, కాబట్టి ఆయన మాటలో అబద్ధం లేదు అని. ఇట్లా చెప్పుకోగలిగినందుకు నా మీద నాకే రోతగా ఉంది. కథ సోమవారం. చెప్పక మానను. నన్ను తిట్టు, పలకకుండా మాత్రం ఉండవద్దు.

నాగసుబ్బ

కర్నూలు,
జూలై 20

బావా,

నీ కార్డు కథ రోజునే అందింది. “అమ్మ ఆడికి పోలేదు గాబట్టి తిరిగొచ్చింది గూడా లేదు. ఆ మాట నిజమే. చెప్పుకో” అని రాశావు. నాలుగు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. దాన్ని రొంటిన దోపుకునే తంబురా ఎత్తాను.

ముందు కుర్చీల్లో అధికారులు. వెనక డేరాలు కట్టే కూలీలూ, జట్కావాళ్లూ, ఆడవాళ్లూ. గిడ్డయ్య వాయిస్తున్న గుమ్మెట ఆపి, రాసిచ్చిన మాట ఉన్నదున్నట్టు అడిగాడు. ఒక్కరూ తిరిగిపోలేదు తమ్ముడూ అన్నాను. వెనకనుంచి నవ్వు లేచింది. కుడిపక్క వంత సర్కారును పొగిడితే అది దెప్పడమేనని ఏళ్లుగా బుర్రకథలు వింటున్న ఆ జనానికి తెలుసు. పాపం గిడ్డయ్యకు అదేమీ తెలియదు. కాగితంలో ఉందని, ఒక్కరు కూడానా అని మళ్లీ అడిగాడు. ఒక్కరు కూడా అన్నాను. తువ్వాళ్లు గాల్లోకి లేచాయి. అధికారి ముఖం కందగడ్డయింది. తన చేత్తో రాసిన మాటే మరి.

అంతమందీ నవ్వుతుంటే నాకు అత్త మంచమే కనిపించింది. పాట మధ్యలోనే ఆపేశాను. భీమక్క తందాన అందుకుని కథను ఎట్లాగో ఒడ్డున వేసింది.

ఈ పొద్దున డేరాకు పోయాము. ఆయన కోప్పడలేదు. రాసిందే చెప్పావు, తప్పు నీది కాదన్నాడు. కుడిపక్క వంతనే తీసేసి ఇద్దరే చెబితే ఇప్పుడే సంతకం పెడతానన్నాడు. అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు బావా. వాళ్ల భయం నిన్ను చూసి కాదు, నువ్వు నిలబడే చోటును చూసి. నేనేమో నిన్ను తీసి ఇంకొకణ్ణి నిలబెడితే సరిపోతుందనుకున్నాను.

“సార్, నా మొగున్ని వద్దంటే సిగ్గులేక సరే అంటి. ఇప్పుడు ఆ చోటే వద్దంటాండారు. అది లేకుంటే నేను చెప్పేది కథ గాదు, దండోరా” అన్నాను. ఆయన కలానికి మూత పెట్టాడు.

సహాయం రాదు. నిన్నూ నొప్పించాను, డబ్బూ తేలేదు. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. కంకర కొట్టవలసి వస్తే కొడతాను. కానీ ఆదివారం మన ఊళ్లో కథ పెడదాం, గంజి కేంద్రం నడిచిన చావడి ముందే. నువ్వు నీ ప్రశ్న అడుగు. ఇన్నాళ్లూ నువ్వు అడిగినప్పుడల్లా పాట ఎత్తుకుని దాటేశాను. ఈసారి దాటేయను. గంజి బయటికి తీసుకుపోతే కాపలావాళ్లు కొడతారని భయపడి, అత్తకు ఒక్క లోటా అయినా కొంగు చాటున తేలేకపోయానని, అందరి ముందూ జవాబు చెబుతాను. అది నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

కథలో నన్ను అక్కా అంటావు, అది వంత ధర్మం. కథ అయినాక పేరు పెట్టి పిలుస్తావో లేదో నాకు తెలియదు. తెలియకుండానే బండి ఎక్కుతున్నాను.

నాగసుబ్బ