ఖాళీ అని రాసిన గది

ఫిబ్రవరి 4

బుక్ చేసేశాను. సముద్రం ఒడ్డున హోటల్, నాలుగు రాత్రులు, సీ వ్యూ. ఇక ఎవరేమన్నా వినేది లేదు.

ఆయనకు ఇంకా చెప్పలేదు. చెప్తాను. రేపు.

ఫిబ్రవరి 5

చెప్పాను. డ్యూటీకి వెళ్తూ బూట్లు తొడుక్కుంటున్నాడు. ఎంతయిందని అడిగాడు. చెప్పాను. రెండో బూటు చేతిలోనే ఉంది. నాలుగు రోజులు అక్కడ మనం ఏం చేస్తామే అన్నాడు. ఏమీ చెయ్యం, అందుకే వెళ్తున్నాం అన్నాను. ఏమీ చెయ్యకుండా ఉండడానికి అంత పొయ్యాలా, ఆ పనేదో ఇంట్లోనే చేద్దాం అన్నాడు. జోక్ అనుకుని నవ్వాను. జోక్ కాదట.

ఫిబ్రవరి 8

అసలు సంగతి రాసుకోవాలి. రాస్తే నాకూ తేటగా ఉంటుంది.

లిఫ్టుల కంపెనీలో ఆయనది నైట్ డ్యూటీ. పందొమ్మిదేళ్ళ నుంచీ. రాత్రిపూట ఊళ్ళో ఎక్కడ లిఫ్ట్ ఆగినా ఫోన్ ఆయనకే వస్తుంది, మెకానిక్‌ని పంపేదీ ఆయనే. నేను హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌ని. పొద్దున్న ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి. నేను బయటికి వెళ్ళే వేళకు ఆయన లోపలికి వస్తాడు. గుమ్మంలో తాళంచెవి ఆయన చేతిలో పెట్టి బస్సుకు పరుగెడతాను. నేను లేచిన పక్క మీద ఆయన పడుకుంటాడు. అమ్మాయి ఫీజుల కోసమని ఒప్పుకున్న నైట్ డ్యూటీ అది, నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయని. అమ్మాయి చదువు ముగిసింది, వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. డ్యూటీ మాత్రం మారలేదు.

ఇప్పుడు కంపెనీవాళ్ళు ఫారం ఇచ్చారు. డేకి మారతారో, ఇంకో ఐదేళ్ళు నైటే చేస్తారో ఈ నెలాఖరులోగా సంతకం పెట్టి ఇవ్వాలట. నేను డే అన్నాను. రెండోసారి అడిగితే, సాయంత్రాలన్నీ ఎదురెదురుగా కూర్చుని ఏం మాట్లాడుకుంటామే అన్నాడు. కోపంగా అంటే పోట్లాడేదాన్ని. పాపం, నిజంగా తెలియక అడిగాడు. చాలా బాధేసింది.

అందుకే సముద్రం. నాలుగు రోజులు ఇద్దరం ఒకే వేళకు మెలకువగా ఉంటాం. మాటలు అవే వస్తాయి. నాకు తెలుసు. తిరిగి వచ్చాక సంతకం సంగతి చూసుకోవచ్చు.

ఫిబ్రవరి 11

వదిన వచ్చింది. ఆయన అక్క. టైలరింగ్ షాపు నడుపుతుంది, ఎవరింటికి వెళ్ళినా ముందు కర్టెన్ల కుట్లు చూస్తుంది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు, అప్పటికే అక్కకి అంతా చెప్పేశాడు.

పోయిన ఏడాది వదిన బయటి దేశం వెళ్ళొచ్చింది. ఐదు రోజుల ప్యాకేజీ. నీకేమైనా మతి పోయిందా, ఆ డబ్బుకి విమానం, హోటలు, గైడు అన్నీ కలిపి వస్తాయి అంది. ఇక్కడేముంది, అవే మొహాలు, అవే బస్సులు, అవే బోర్డులు అంది. పాస్‌పోర్టు మీద ముద్ర కూడా పడదు అంది. ఆ ముద్ర గురించి చెప్పేటప్పుడు గొంతు కూడా తగ్గించింది, ఎవరో పోయినట్టు.

దూరపు కొండలు నునుపు వదినా అన్నాను. ఎక్కి దిగొచ్చాను, నిజంగానే నునుపు అంది. ఆవిడతో మాటల్లో గెలిచినవాళ్ళు ఇంతవరకు లేరు.

లెక్క ఆవిడదే కరెక్ట్. ఇక్కడ ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. రెండూ పక్కపక్కన పెట్టి నేనూ చూశాను. సొంత దేశంలో సముద్రం చూడడం కంటే పరాయి దేశంలో చూడడం చవక. ఎందుకని అడిగితే చెప్పేవాడు లేడు. కానీ నేను వెళ్ళేది చూడడానికి కాదు. చూసేవి ఉంటే ఆయన ఫోటోలు తీస్తూ, నేను సామాను కాస్తూ నాలుగు రోజులు గడిచిపోతాయి. ఏమీ లేని చోటైతేనే ఒకరినొకరు చూసుకుంటాం. ఇంకో సంగతి. అక్కడ గది బాగాలేకపోతే ఎవరితో పోట్లాడాలి? ఏ భాషలో? ఇంత డబ్బు పోస్తున్నప్పుడు కడుపారా తిట్టుకునే వీలు కూడా ఉండాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు ఇంట గెలుస్తాను.

ఫిబ్రవరి 16

ఆయన కొత్త చెప్పులు కొనుక్కున్నాడు. సముద్రం కోసం కాదట.

ఫిబ్రవరి 20, సాయంత్రం 5

వచ్చాం. గదిలో అడుగు పెట్టగానే తలుపు ఫ్రేమ్ మీద వేలితో రుద్ది చూశాను. దుమ్ము లేదు. వంగి మంచం కింద చూశాను. శుభ్రం. కెటిల్ వైరు చుట్టిన తీరు చూశాను. బాగా నేర్పారు ఇక్కడి పిల్లలకి. అంతసేపూ ఆయన కారిడార్‌లో లిఫ్ట్ ముందు నిలబడి అది తలుపు మూసుకోవడం వింటున్నాడు. ఇద్దరిలో ఎవరమూ ఇంకా కిటికీ వైపు వెళ్ళలేదు.

తర్వాత బాల్కనీలో కూర్చున్నాం. సముద్రం బాగుంది అన్నాడు. అవును అన్నాను. అరగంటకి మళ్ళీ, బాగుంది అన్నాడు.

మొదటి రోజే కదా.

ఫిబ్రవరి 21

నిద్రపోయాడు. పొద్దున్న తొమ్మిదికి పడుకున్నవాడు సాయంత్రం ఐదుకి లేచాడు. పందొమ్మిదేళ్ళ అలవాటు, సముద్రం ఎదురుగా ఉందని మారుతుందా? తలుపుకి డిస్టర్బ్ చెయ్యొద్దనే బోర్డు తగిలించి, నేనొక్కదాన్నే ఇసుకలో కూర్చున్నాను. వదిన ఫోన్ చేసి ఎలా ఉందని అడిగింది. అద్భుతం అన్నాను. నీళ్ళున్నాయి, ఇసుకుంది, అబద్ధం ఏముంది?

రేపు వదలను. పొద్దున్నే లేపి బయటికి లాక్కుపోతాను.

ఫిబ్రవరి 22, మధ్యాహ్నం 3:30

వరసగా రాస్తాను.

పొద్దున్న ఏడింటికి లేపాను. ఆయన ముఖం కడుక్కునేలోపు నా చేతులు ఊరుకోలేదు. దుప్పటి లాగి, మూలలు మడిచి, దిళ్ళు దులిపి పెట్టాను. ఆయన బయటికి రాగానే బేసిన్ తుడిచాను. వాడని టవళ్ళు మడత సరిచేసి స్టాండ్ మీద పెట్టాను, వాడినవీ బుట్టలో చెత్తా కారిడార్‌లో ఉన్న ట్రాలీలో వేసి వచ్చాను. పెట్టె, చెప్పులు, బట్టలు అన్నీ అల్మరాలోకి. మొత్తం ఆరు నిమిషాలు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, నాకిది పుట్టుకతో రాలేదు, ఇరవై రెండేళ్ళ డ్యూటీతో వచ్చింది. ఆయన తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉన్నాడు.

ఒడ్డు వెంట నడిచాం. లైట్‌హౌస్ దాకా, మళ్ళీ వెనక్కి. ఎండ ఎక్కువగా ఉందన్నాడు. ఉందన్నాను.

ఒంటిగంటకి తిరిగొచ్చి కార్డు పెడితే ఎర్ర లైటు. మళ్ళీ పెట్టినా ఎర్రదే. తలుపు కొట్టాను. హోటల్ తువ్వాలు తలకి చుట్టుకున్న ఒకమ్మాయి తలుపు తీసింది. వెనక ఒకబ్బాయి. కొత్త జంట. నా మంచం మీద వాళ్ళ పెట్టె. అల్మరాలో నా నైటీ చూసి ఇదెవరిదని ఆ పిల్ల అప్పటికే మొగుణ్ణి నిలదీస్తోందట. నన్ను చూసి ఆ అబ్బాయి దండం పెట్టినంత పని చేశాడు.

రిసెప్షన్‌కి వెళ్ళి మొదలుపెట్టాను. ఎలా మాట్లాడానో అంతా రాయను. కానీ బాగా మాట్లాడాను. గెస్టులు నన్ను ఇరవై రెండేళ్ళు ఎలా తిట్టారో అవన్నీ గుర్తున్నాయి, ఒక్కొక్కటే తీసి వాడాను. లాబీలో జనం పేపర్లు దించి చూశారు. మేనేజర్ చిన్నవాడు, చెమటలు పట్టాయి. డబ్బు ముందే కట్టేశారు కదా మేడమ్, రెండు రోజుల ముందే వెళ్ళిపోయారనుకున్నాం, హౌస్‌కీపింగ్ రిపోర్టులో గది ఖాళీ అని ఉంది అన్నాడు. ఎవరు రాశారో పిలవండి అన్నాను.

పిలిచారు. ఇరవై ఏళ్ళుంటాయేమో ఆ పిల్లకి. చేతిలో షీటు. లోపలికి వెళ్ళి చూశాను సార్, పక్క మీద ఒక్క ముడత లేదు, టవళ్ళు పొడిగా ఉన్నాయి, బుట్ట ఖాళీ, బేసిన్‌లో చుక్క నీళ్ళు లేవు, ఎవరూ లేరనుకున్నాను అంది. అల్మరా తెరవలేదంది. ఆ మాట చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. మేనేజర్ మా ముందే, ఇవాళ్టి నుంచి నువ్వు రానక్కర్లేదు అన్నాడు.

పిల్ల చేతిలోని షీటు తీసుకుని చదివాను.

పక్క, టవలు, బుట్ట, బేసిన్. ఈ నాలుగూ చూడు, మనిషి ఉన్నాడో లేడో తెలిసిపోతుంది. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు నేను చెప్పే పాఠం ఇదే. ఆ గదికి నేను వెళ్ళినా ఖాళీ అనే రాసేదాన్ని.

తప్పు ఆ పిల్లది కాదు, నాది అన్నాను. మేనేజర్‌కి అర్థం కాలేదు. గది నేనే సర్దాను, నా పని ఇదే, చెయ్యకుండా ఉండలేకపోయాను అని చెప్పాను. ఇంతసేపూ అరిచిన గొంతుతోనే చెప్పాల్సి వచ్చింది. పిల్లని పంపిస్తే మీ హోటల్ గురించి ఊరంతా చెప్తానని కూడా అన్నాను. పిల్లని ఉంచుతానని తలూపాడు.

అప్పుడు మాట్లాడాడు ఈయన. పొద్దుట్నుంచీ ఎండ తప్ప ఇంకో మాట ఎత్తనివాడు, మేనేజర్ వైపు తిరిగి మెల్లగా, ఇంట్లోనూ అంతే సార్ అన్నాడు. రాత్రంతా డ్యూటీ చేసి ఇంటికి వెళ్తే పక్క మీద మనిషి పడుకున్న గుర్తే ఉండదు సార్, ఒక్కోసారి నేను ఒక్కణ్ణే ఉంటున్నానేమో అనిపిస్తుంది అన్నాడు.

అలసిపోయి వస్తాడు, సర్దిన పక్క ఉంటే సుఖంగా పడుకుంటాడని, లేవగానే మొదట ఆ పనే చేస్తూ వచ్చాను. ప్రేమతోనే చేశాను. రోజూ.

ఇప్పుడు వేరే గదిలో ఉన్నాం. పై అంతస్తు, వెనకవైపు, సముద్రం కనబడదు. మిగిలింది ఇదొక్కటేనట. గోడకి అవతల లిఫ్ట్ మెషిన్ రూమ్.

ఫిబ్రవరి 23, సాయంత్రం 6

బయట వాన. ఎక్కడికీ వెళ్ళలేదు. గదిలో చూడ్డానికి గోడ తప్ప ఏమీ లేదు, వినడానికి లిఫ్ట్ తప్ప ఏమీ లేదు.

ఆయన మంచం మీద పడుకుని చెవి గోడకి పెట్టాడు. బ్రేక్ కొంచెం పట్టేస్తోంది, మూడో అంతస్తు దగ్గర చూడు అన్నాడు. నాకు ఏమీ తెలియలేదు. మళ్ళీ విను అన్నాడు. మూడోసారికి నాకూ వినపడింది, సన్నగా, గొంతు సవరించుకున్నట్టు. చిన్నపిల్లలా సంబరపడ్డాను. దాంతో ఆయన మొదలుపెట్టాడు.

లిఫ్ట్‌లో ఇరుక్కున్నవాళ్ళు భయపడతారట. మెకానిక్ వెళ్ళేదాకా ఫోన్‌లో మాట్లాడుతూనే ఉండాలట, లేకపోతే తలుపులు గుద్దుతారట. గంట కూడా మాట్లాడిన రోజులున్నాయట. నువ్వా, గంటా అన్నాను. అవును, నేనే అన్నాడు. ఏం మాట్లాడతావు వాళ్ళతో అన్నాను.

నీ గురించే అన్నాడు.

గెస్టులు గదుల్లో మర్చిపోయిన వస్తువుల గురించి, ఒకసారి కట్టుడుపళ్ళు పట్టుకుని బస్టాండ్ దాకా నేను పరుగెత్తిన సంగతి, దుప్పటి మడత మీద అమ్మాయితో నేను పెట్టుకున్న గొడవ, నా మోకాలి నొప్పి. అన్నీ నేను గుమ్మంలో అరనిమిషంలో చెప్పి పరుగెత్తిన ముక్కలే. ఒక్కటీ పోనివ్వలేదు. గంటా పది నిమిషాలు ఇరుక్కున్న ఒక రిటైర్డ్ టీచర్ తలుపు తెరుచుకున్నాక కూడా ఫోన్ పెట్టెయ్యకుండా, బాబూ, మీ ఆవిడ మోకాలు తగ్గిందా అని అడిగిందట.

నాకు కోపం వచ్చింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇంత చెప్పి, నా దగ్గరికి వచ్చేసరికి సముద్రం బాగుంది ఒక్కటేనా అన్నాను. వాళ్ళు ఎక్కడికీ పోలేరు కదే, నువ్వెప్పుడూ బయల్దేరుతూనే ఉంటావు అన్నాడు. ఏడ్చాను. ఆయనకి ఏం చెయ్యాలో తెలియక, భయపడకండి మేడమ్, దగ్గర్లోనే ఉన్నాం అన్నాడు. ఫోన్‌లో వాళ్ళతో అనే మాటట అది. నవ్వాగలేదు నాకు.

అప్పటినుంచీ మాట్లాడుతూనే ఉన్నాం. ఇప్పుడు టీ తేవడానికి కిందికి వెళ్ళాడు. లిఫ్ట్‌లో కాదు, మెట్ల మీద.

ఫిబ్రవరి 25

ఇంటికొచ్చాం. సామాను దించకముందే వదిన దిగింది. గిట్టిందా అని అడిగింది. గిట్టింది అన్నాను. ఏం చూశారు అంది. లిఫ్ట్ మెషిన్ రూమ్ గోడ అన్నాను. అది ఇక్కడే మీ ఆయన ఊరికే చూపించేవాడుగా అంది. చూపించేవాడే. నేనే ఆగి చూసి ఉండేదాన్ని కాదు. ఆ మాట వదినకి చెప్పలేదు, నాలుగు రోజులు షాపులో చెప్పుకుని నవ్వుతుంది.

తిట్టడానికి సొంత భాష ఉండాలనుకున్నాను. తప్పు ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువ కావాలి. బయటి దేశంలో అయితే సారీ అని ఒక ముక్క అనేసి ఊరుకునేదాన్ని, ఆయన కూడా నోరు తెరిచేవాడు కాదు. వదిన లెక్కలో ఇది రాదు. నా లెక్కలో వస్తుంది. మళ్ళీ ఏడాది మళ్ళీ వెళ్తాం, ఈ దేశంలోనే ఎక్కడికో.

ఫారం బల్ల మీద అలాగే ఉంది. అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను. నోరు మూసుకుని ఉండడం ఇంత కష్టమని ఇన్నాళ్ళూ తెలియదు.

ఫిబ్రవరి 28

ఫారం బల్ల మీద లేదు. అడగలేదు.

మార్చి 3, పొద్దున్న 5:40

ఆయన డ్యూటీ పొద్దున్న తొమ్మిదింటికి. నాది ఆరున్నరకి. పక్క సర్దకుండానే బయల్దేరుతున్నాను. అందులో మనిషి ఉన్నాడు.