ఫ్యాన్లు ఆపిన కరుణ టీచర్

ఆదివారం రాత్రి

సండే స్కూల్లో కరుణ టీచర్ గారు చేసిన పని ఇక్కడ రాసి పెట్టుకోవాలి. మా అమ్మాయి స్నేహకు చెవులు బాగానే వినిపిస్తాయి. చుట్టూ గోల ఉంటే మాత్రం మాటలు కలగాపులగమైపోతాయి. ఆ సంగతి పోయిన వారం ఆవిడకు మొహమాటపడుతూనే చెప్పాను.

ఈరోజు నేనూ వెనక కూర్చున్నాను. పాఠానికి ముందు ఆవిడ ఫ్యాన్లు ఆపేసి, రోడ్డు వైపు తలుపు మూశారు. స్నేహను ఎదురుగా కూర్చోబెట్టుకుని నిదానంగా కథ చెప్పారు.

"ఉక్కపోస్తోంది టీచర్" అంది ఒక పాప.

"కాసేపు ఓర్చుకోమ్మా. స్నేహకి కూడా వినపడాలి కదా!"

పిల్లలంతా చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నారు, ఒక్కరూ విసుక్కోలేదు. టీచర్ ప్రశ్న అడగగానే అందరికంటే ముందు స్నేహ చెయ్యెత్తింది. ఇన్నాళ్ళూ పక్కవాళ్ళు నవ్వితే తనూ నవ్వేసి ఊరుకునేది.

వచ్చే ఏడు కాకినాడలో హైస్కూలు. అంతమంది పిల్లల్లో దీని గురించి ఎవరు పట్టించుకుంటారో...

దేవుడా, ఈ రోజుకి మాత్రం నీకు స్తోత్రం. ఎప్పుడూ ఇంటికొచ్చాక స్నేహకి కథ నేనే మళ్ళీ చెప్పేదాన్ని. ఈరోజు అది వాళ్ళ నాన్న ముందు కూర్చుని, "నాన్నా, మధ్యలో మాట్లాడకు. నేను చెప్తాను" అంది.