చికిత్స అక్కర్లేదు

ఆదివారం, జూన్ 14

చెల్లెమ్మకు,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. బావగారికి నా నమస్కారాలు చెప్పు. నోట్లో నాలుక లేనివాడినని నన్ను ఆటపట్టిస్తావు కదా, అందుకే ఫోను చేయకుండా రాస్తున్నాను.

బుధవారం పాపను మా పళ్ళాసుపత్రికి తీసుకురావద్దు.

ఎందుకో చెప్పాలంటే రిజిస్టరు సంగతి చెప్పాలి. ఇరవై ఆరేళ్ళుగా ఆ ముందుగది బల్ల దగ్గర కూర్చుని ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు, ఏం చేశాం అని రోజూ రాస్తున్నాను. బడిలో నేర్చిన చదువు కాదు నాది, ఆ గళ్ళు నింపుతూ నేర్చుకున్నదే. మొదట్లో పిల్లలు బుగ్గ వాచి, చీము పట్టాకే వచ్చేవాళ్ళు. పెద్ద డాక్టరుగారు పన్ను పీకి రేకు గిన్నెలో వేసేవారు. ఆ చప్పుడూ ఆ కంపూ ఇప్పటికీ మరిచిపోలేదు. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడేవేనని తల్లులు తేలిగ్గా అనేవారు. ఆయన మండిపడేవారు. బడి బడికీ తిరిగి చెప్పగా చెప్పగా, పదేళ్ళకు నొప్పి లేని పిల్లలు రావడం మొదలైంది. చూసి, తోముకోవడం నేర్పి పంపేసేవారు. నాచేత ఆఖరి గడిలో "చికిత్స అక్కర్లేదు" అని రాయించేవారు. "మనం గెలిచిన వరస ఇది, కుదురుగా రాయవయ్యా" అనేవారు.

ఆయన పోయాక ఆసుపత్రి చేతులు మారింది. ఇప్పుడు గోడల మీద నవ్వే ఏనుగులు, ఓ మూల జారుడుబల్ల. ఆరునెలలకోసారి పిల్లలు గంతులేస్తూ వస్తారు. వచ్చిన ప్రతి నోట్లోనూ ఏదో ఒకటి దొరుకుతుంది. నాలుగు నెలల్లో ఊడిపోయే పాలపంటికీ స్టీలు తొడుగే. ప్రతి సోమవారం మేనేజరు బోర్డు మీద తొడుగుల లెక్క రాస్తాడు. ఎక్కువ వేసినవారికి అందరం చప్పట్లు కొట్టాలి. నేనూ కొడతాను. ఇంటికొచ్చి ఎన్నిసార్లు చేతులు కడుక్కున్నా ముద్ద నోట్లో పెట్టబుద్ధి కాదు.

మొన్న ఈ ఏడాది రిజిస్టరు మొదటినుంచీ తిరగేశాను. "చికిత్స అక్కర్లేదు" ఒక్కచోటా లేదు. మేనేజరును అడిగితే, "ఆ ముక్క రాసుకుంటూ కూర్చుంటే ఇక మనమెందుకు బాబాయ్?" అని నవ్వాడు.

పళ్ళు చూపించడం మాత్రం మానకు. ఆ వాచిన బుగ్గల రోజులు మళ్ళీ రాకూడదు. వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మార్చిలో వేసినవి కాక మిగిలిన నాలుగు పళ్ళకూ తొడుగులు కావాలని ఇక్కడ చెప్పినట్టు ముందే చెప్పకు. చూడనివ్వు.

నీ అన్నయ్య

తా.క.: ఒక్కచోటా లేదని పైన రాశాను. అబద్ధం. ఒకచోట ఉంది, మార్చి నెలలో, మన పాప వరసలో. ఆ రోజు ముందుగా చూసిన చిన్న డాక్టరమ్మ, పళ్ళు శుభ్రంగా ఉన్నాయి, ఏమీ చేయక్కర్లేదని నాతో చెప్పి వెళ్ళింది. ఎన్నాళ్ళకో ఆ మాట విని కుదురుగా రాసుకున్నాను. కాసేపటికి మేనేజరు గదిలోంచి చీటీ వచ్చింది, నాలుగు తొడుగులని. రాసింది కొట్టేసి పైన చీటీలో ఉన్నదే రాశాను. సరిగ్గా అప్పుడే నువ్వు బల్ల దగ్గరికొచ్చి, "వాళ్ళ మాట సరే, నువ్వు చెప్పన్నయ్యా, వేయించమంటావా?" అని అడిగావు. కొట్టివేత కనపడకుండా రిజిస్టరు మీద అరచెయ్యి పెట్టాను.

"వేయించమ్మా" అన్నాను.